లంకలో నేను సరిచేయని డిష్

ఈ బరువు ఎన్నో ఏళ్లుగా మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను డిష్ యాంటెన్నాలు బిగించే ఇంజనీరుని. గోదావరి మధ్య ఒక లంకలో, పంచాయతీ ఆఫీసు డాబా మీద, వరద హెచ్చరికల కోసం ఒక డిష్ ఉండేది. సెల్ టవర్లు పోయినా పనిచేయాలని పెట్టింది. కింద కంప్యూటర్ దగ్గర వరలక్ష్మి గారు కూర్చునేవారు. హెచ్చరిక రాగానే మైకులో ఊరికి చెప్పడం ఆవిడ పని.

ఒక వేసవిలో దాన్ని సరిచేయడానికి వెళ్లాను. ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలకు ఒక వాలు ఉంటుంది. డిష్ ముందుండి సిగ్నల్‌ని అందుకునే ఫీడ్‌ని ఆ వాలుకు చేత్తో తిప్పి బిగించాలి. దాన్ని పట్టి ఉంచే క్లాంపు తుప్పుపట్టి కదల్లేదు. కాసేపు పెనుగులాడి వదిలేశాను. ఏరు దాటించే ఆఖరి పంటు వెళ్లిపోతుందన్న తొందర. వాలు తప్పినా ఎండలో సిగ్నల్ వస్తూనే ఉంది. జోరువానకు నిలవదని నాకు తెలుసు. తెలియక చేసి ఉంటే ఇంత బాధ ఉండేదా? అంతా సరిగ్గా ఉందని చెప్పి వచ్చేశాను.

వానలు దంచికొట్టిన రోజునే వరద వచ్చింది. హెచ్చరిక రాలేదు. నీళ్లు చుట్టుముట్టాక పశువుల్ని విప్పడానికి పరిగెత్తిన వరలక్ష్మి గారి మరిది తిరిగి రాలేదు.

నీళ్లు తీశాక అధికారుల కంటే ముందు నేనే లంకకు చేరాను. డాబా ఎక్కి, తుప్పు మీద నూనె పోసి, ఫీడ్‌ని సరైన కోణానికి తిప్పి బిగించాను. తర్వాత అధికారులు విచారణకు వచ్చారు.

"నేను కుర్చీలోంచి లేవలేదండి. స్క్రీన్ మీద ఏమీ రాలేదు. మీరైనా చెప్పండి ఇంజనీరు గారూ," అన్నారు వరలక్ష్మి గారు వాళ్ల ముందు.

"డిష్ బాగానే ఉందండి. కావాలంటే చూడండి," అన్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. స్క్రీన్ వైపు తిరిగి, "అయితే నేనే చూసుకోలేదేమోనండి," అన్నారు.

ఆవిడ ఉద్యోగం పోయింది. అత్తగారు ఆవిడతో మాట మానేశారు. ఇప్పుడు ఆవిడ భీమవరంలో రొయ్యలు ఒలిచే షెడ్డులో పనిచేస్తున్నారు. ఈమధ్య చెప్పేద్దామనే వెళ్లాను. గుర్తుపట్టి, పిల్లలు బాగున్నారా అని అడిగారు. బాగున్నారని చెప్పి తిరిగొచ్చాను. ఎందుకు చెప్పలేకపోయాను? జైలు భయమా? లేక ఆవిడ ఇన్నేళ్లూ తనను తానే అనుమానించుకున్నారని ఆవిడ నోట వినాల్సి వస్తుందనా?

ఆవిడ చూసుకోకపోవడం కాదు. హెచ్చరిక అందలేదు. అందకుండా చేసింది నేను. అది దాచి, ఆవిడ మీదికి నెట్టిందీ నేనే.

ఇలా రాస్తే చాలదని తెలుసు. అయినా ఈ మాట నాలోంచి బయటికి రావడం ఇదే మొదటిసారి. కాస్త ఊపిరి ఆడుతోంది.