మంగమ్మ మేకకు మూడు హారన్లు

2007 వానాకాలంలో నేను ఒక తెలుగు దినపత్రిక ఖమ్మం జిల్లా అనుబంధానికి డెస్క్ ఇన్‌చార్జిని. జిల్లా అనుబంధం అంటే ప్రధాన పత్రిక మధ్యలో వచ్చే చిన్న సైజు పేజీలు. ఏ మండలంలో ఏం జరిగినా అక్కడి కంట్రిబ్యూటర్ కాగితం మీద రాసి ఫ్యాక్స్ చేసేవాడు. డెస్క్‌లో మేము పెన్నుతో దిద్ది, కొలతకు కోసి, టైపింగ్‌కు పంపేవాళ్లం. కోత ఎప్పుడూ కింది నుంచే. ముఖ్యమైనది పైన, ఉన్నా లేకున్నా ఒకటే అనుకున్నది కింద రాయాలని కంట్రిబ్యూటర్లకు మేమే నేర్పాం. కాబట్టి స్థలం చాలనప్పుడు ఆఖరి వాక్యాలను చదవకుండానే కొట్టేసే ధైర్యం మాకుండేది.

ఆ ఆగస్టులో ఏన్కూరు కంట్రిబ్యూటర్ నర్సింహారావు ఒక వార్త పంపాడు. ఖమ్మంలో సురేష్ అనే ఆయన నెట్ సెంటర్‌లో కంప్యూటర్ మీద బస్సు నడిపే ఆట ఉంది. అందులో మన ఖమ్మం–భద్రాచలం రోడ్డే ఉంది. తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు, దారి పొడవునా టేకు చెట్లు, గుంతలతో సహా. ఏన్కూరు దాటాక ఒక మలుపులో రోడ్డుకు అడ్డంగా మేక కూడా పడుకుని ఉంటుంది. బస్సు ముందు అద్దం మీద సురేష్ సెంటర్ పేరు. ఆట ఆడటానికి ఏన్కూరు నుంచి కూడా జనం వస్తున్నారట. వార్త బాగుంది. "ఖమ్మం కుర్రాడి కంప్యూటర్ బస్సు" అని శీర్షిక పెట్టి, సురేష్ ఫొటోతో మూడు కాలమ్‌లు వేశాను. అతనికి అప్పటికే ముప్పై అయిదేళ్లు. కుర్రాడు అన్న మాట శీర్షికలో సరిపోయింది.

రెండో రోజు ఉదయం పది గంటలకు ఖాకీ యూనిఫారంలో ఒకాయన ఆఫీసుకు వచ్చాడు. పేరు వెంకన్న. భద్రాచలం రూట్లో కండక్టర్. మా పేపర్ను నాలుగు మడతలు పెట్టి టికెట్ల సంచిలో తెచ్చుకున్నాడు. ఆ రోడ్డు, ఆ బస్సు, ఆ మేక తానే తయారు చేశానని నెమ్మదిగా చెప్పాడు. సెలవు రోజుల్లో ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఏడాదిన్నర పని చేశాడట. నేను వెంటనే నమ్మలేదు. వార్త వచ్చిన రెండో రోజు అది నాదే అంటూ ఎవరో ఒకరు రావడం మా వృత్తిలో మామూలే.

"నమ్మకపోతే పోనియ్ సార్," అన్నాడు వెంకన్న. "డిపోల నేనే చేసిన అని అందరికీ చెప్పుకున్న. ఇప్పుడు మీ పేపర్ సూపెట్టి, ఏంది వెంకన్నా, రేపు చార్మినార్ గూడ నువ్వే కట్టినవంటవా అంటున్నరు. అది గూడ పడ్త. మంగమ్మ నా బస్సు ఎక్కుతలేదు సార్. దానికేం జెప్పాలె?"

మంగమ్మ ఎవరని అడిగాను. మేక ఆమెదే. ఏన్కూరు దాటాక అడవి అంచున ఆమె ఊరు. ఆ మలుపులో ఆమె మేక నిజంగానే రోడ్డు మీద పడుకుంటుంది. రోజూ బస్సు ఆగాల్సిందే. దాన్ని ఆటలో పెట్టే ముందు వెంకన్న ఆమెను అడిగాడు. తన పేరు పెడితే సరే అంది. పెట్టానని చెప్పాడు. ఆమె బస్సులో కనిపించిన వాళ్లందరికీ చెప్పుకుంది. ఇప్పుడు పేపర్లో సురేష్ ఫొటో చూపించి ఎవరో చదివి వినిపించేసరికి, "నా మేకను నెట్ సెంటరోనికి ఇచ్చినవా?" అని అడిగి, వెనకాల వచ్చే బస్సు కోసం గంటన్నర కూర్చుందట.

ఇలాంటి ఆటల సంగతి అప్పుడే తెలిసింది నాకు. కొన్ని ఆటల్లో కొత్త రోడ్లు, కొత్త బస్సులు మనమే తయారు చేసి కలుపుకోవచ్చు. వాటిని లోకంలో ఎవరెవరో ఉచితంగా పంచుకుంటారు. కట్టుబాటు ఒక్కటే. ఒకరు చేసింది తీసుకుంటే అడిగి తీసుకోవాలి, ఎవరిదో రాయాలి. ఆ పేర్లన్నీ ఆటతో పాటు ఒక చిన్న ఫైల్లో ఉంచుతారు. వెంకన్న తన ఆటను సీడీలోకి ఎక్కించి ఒక ప్రయాణికుడికి ఇస్తే, అది చేతులు మారి సురేష్ దగ్గరికి చేరింది.

వృత్తి నియమం ప్రకారం రెండో పక్షాన్ని కూడా విచారించాలి. వెంకన్నను వెంటబెట్టుకుని నెట్ సెంటర్‌కు నడిచాను. సురేష్ మర్యాదస్తుడు. పేపర్లో ఫొటో వేసినందుకు నాకు కూల్‌డ్రింక్ తెప్పించాడు. తయారు చేసింది మీరేనా అని అడిగితే, మా సెంటర్దే సార్ అన్నాడు. నడిపి చూపించమన్నాను. ఏన్కూరు దాటాడు. మలుపు వచ్చింది. మేక లేవలేదు.

"ఇదొక్కటే సార్ ప్రాబ్లం," అన్నాడు సురేష్. "బగ్. ఎంత జేసినా పోతలేదు. మా కస్టమర్లందరూ ఈడికెళ్లి వెనక్కి తిప్పుకుంటరు."

అంటే ఈ ఊళ్లో ఇంతవరకూ ఎవరూ భద్రాచలం చేరలేదన్న మాట.

"హారన్ కొట్టన్నా," అన్నాడు వెంకన్న.

సురేష్ ఒకసారి కొట్టాడు. మేక కదలలేదు. రెండోసారి కొట్టాడు. తలెత్తి చూసింది.

"ఇంకోటి. మూడోదానికి లేస్తది. మంగమ్మ మేక గట్లనే లేస్తది."

మూడో హారన్‌కు మేక లేచింది. తొందరేం లేకుండా రోడ్డు దిగింది. సురేష్ బస్సును ముందుకు పోనిచ్చాడు. బస్సు కదలగానే వెంకన్న అలవాటు కొద్దీ, "జూలూరుపాడు, జూలూరుపాడు, దిగేటోళ్లు ముందుకు రాండ్రి," అని కేకేశాడు. మూడో కంప్యూటర్ దగ్గర మెయిల్ చూసుకుంటున్న పెద్దాయన సంచీ అందుకుని సగం లేచి, మళ్లీ కూర్చున్నాడు. నాకు వేరే సాక్ష్యం అవసరం కాలేదు.

పేర్ల ఫైలు ఏమైందని సురేష్‌ను అడిగాను. తీసేశానని దాచకుండా చెప్పాడు. "డబుల్ క్లిక్ గొడితే ఆట రాని ఫైల్ ఏదున్నా డిలీట్ జేస్త సార్. వైరస్ అంతా గట్లనే వస్తది." దొంగతనం చేసిన వాడి ముఖం కాదు అతనిది. ఇల్లు ఊడ్చిన వాడి ముఖం.

వెంకన్న జేబులోంచి ఆ ఫైలు ప్రింటు తీసి ఇచ్చాడు. నేను పైకి చదివాను.

"బస్సు: పోలండ్ దేశం ఆయన చేసిండు. మెయిల్ పెట్టి అడిగిన, సరే అన్నడు. రంగు నేను వేసిన. చెట్లు: బ్రెజిల్ ఆయనవి. ఆకులు మార్చి టేకు చేసిన. అడిగిన, ఇంకా జవాబు రాలే, వద్దంటే తీసేస్త. హారన్: మా డ్రైవర్ యాకూబ్ భాయ్ బస్సుది. మేక: మంగమ్మది, అడిగిన. రోడ్డు: నేను. గుంతలు: ఎవరు చేసిన్రో తెల్వదు, ఉన్నయి ఉన్నట్టు పెట్టిన."

సురేష్ కాగితం తీసుకుని తనూ ఒకసారి చదివాడు. "నేను అద్దం మీద పేరొక్కటే రాసిన అన్నా," అన్నాడు. "అదే అందరికీ కనపడ్తదన్నా," అన్నాడు వెంకన్న.

ఆఫీసుకు తిరిగి వచ్చి నర్సింహారావుకు ఫోన్ చేశాను. విచారించకుండా ఎలా పంపావని కొంచెం గట్టిగానే అడిగాను. అతను, నేను పంపింది ఒకసారి చూడండి సార్ అన్నాడు. పాత కాపీలను ఇనుప చువ్వకు గుచ్చి ఉంచే అలవాటుండేది మాకు. వెతికి తీశాను. ఆఖరి వాక్యం ఇలా ఉంది: "అయితే దీన్ని తయారు చేసింది వెంకన్న అనే కండక్టర్ అని ప్రయాణికులు చెబుతున్నారు, ఆయనతో మాట్లాడాల్సి ఉంది." ఆ వాక్యం మీద అడ్డంగా ఎర్ర గీత. ఆ డెస్క్‌లో ఎర్ర పెన్ను వాడేది నేనొక్కడినే.

సురేష్ చేసిన పని, నేను చేసిన పని ఒకటే. ఇద్దరం అడుగున ఉన్నదాన్ని చెత్త అనుకున్నాం.

సవరణ అంటే మా దగ్గర ఒక కాలమ్‌లో నాలుగు లైన్లు, పేజీ అడుగున. వెంకన్న అడిగింది మొదటి వార్త వచ్చిన పేజీలోనే, పైన. అంత పెద్ద సవరణకు హైదరాబాద్ అనుమతి కావాలి. ఫోన్‌లో విషయం విని అక్కడి మా ఎడిటర్, మేక గురించి సవరణా అని రెండుసార్లు అడిగారు. ఎర్ర గీత నాదేనని చెప్పాక, రెండు కాలమ్‌లు వేసుకోమన్నారు.

ఈసారి తలకిందులుగా రాశాను. మొదటి వాక్యంలో మంగమ్మ. రెండో వాక్యంలో వెంకన్న. తర్వాత యాకూబ్ భాయ్, పోలండ్ ఆయన, బ్రెజిల్ ఆయన. వారి తర్వాత సురేష్ పొరపాటు. అన్నిటికన్నా కింద మా పొరపాటు, విచారం. సాయంత్రం పేజీ పెట్టేవేళకు ఒక ప్రకటన వచ్చి పడింది. పేజీ పెట్టే అబ్బాయి మేము నేర్పిన పద్ధతిలోనే కింది నుంచి కోశాడు. మా పొరపాటు, విచారం రెండూ పోయాయి. పేర్లన్నీ మిగిలాయి. పాఠకులు దాన్ని కొత్త వార్త అనుకున్నారు.

వారం తర్వాత వెంకన్న ఫోన్ చేశాడు. డిపోలో ఇప్పుడు తనను మేక కండక్టర్ అంటున్నారట, దానికేం అభ్యంతరం లేదట. సురేష్ అద్దం మీద తన సెంటర్ పేరు చెరిపి, పేర్ల కాగితాన్ని సెంటర్ గోడకు అంటించాడు. మంగమ్మ బస్సెక్కింది. పేపర్ను వెంకన్న ముందే మళ్లీ చదివించుకుని ఒక ప్రశ్న వేసిందట.

"నా పేరు పెట్టిన్రు, అవ్. మరి దాని పేరేది?"

మేక పేరు రాణి. ఇంకో సవరణ వేయడం నా చేతిలో లేదు. ఫైల్లో కలపమని వెంకన్నకు చెప్పాను. అప్పటికే కలిపానన్నాడు.

ఆ తర్వాత నా డెస్క్‌లో రెండు మార్పులు చేశాను. ఏ పని ఎవరు చేశారో ఆ పేరు మొదటి పేరాలోనే ఉండాలని కంట్రిబ్యూటర్లకు చెప్పాను. ఆఖరి వాక్యాన్ని కొట్టేసే ముందు చదవాలని నాకు నేను చెప్పుకున్నాను. మొదటిది అందరూ పాటించారు. రెండోది పాటించడానికి నాకు ఇంకో ఏడాది పట్టింది.