ఆకుపచ్చ గౌను

బట్టల అద్దకంలో పనిచేసే మా బావని అందరూ రంగుల మేస్త్రి అంటారు. పొగరూ అందుకు తగ్గట్టే ఉండేది. ఎవరైనా నీలం అంటే చాలు, ఏ నీలమని నిలదీసేవాడు. అలాంటివాడికి ఈమధ్య ఎరుపూ ఆకుపచ్చా రెండూ బురదనీళ్లలా కనిపించసాగాయి. కంటి నరం దెబ్బతింది, ఇక బాగుపడదని డాక్టరు చెప్పినప్పుడు పక్కన నేనున్నాను. డబ్బాల మీది పేర్లు చదువుకుంటూ పని నెట్టుకొస్తున్నాడు. యజమానికి తెలిస్తే ఉద్యోగం పోతుంది, మీ అక్కకి తెలిస్తే మంచం పడుతుంది, నోరు విప్పావంటే నా మీద ఒట్టే అన్నాడు. బావ బతుకు కోరాల్సిన బావమరిదిని కదా, నోరు కుట్టేసుకున్నాను.

సెలవురోజున ఉద్యానవనానికి వెళ్లాల్సిందేనని అక్క పట్టుబట్టింది. మా బావకి పూలతోట చూపించడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. అయినా పాపం ప్రతి మడి దగ్గరా ఆగి, బోర్డు చదివి, ఆహా అన్నాడు. ఈ గులాబీ ఏం రంగంటారండీ అని అక్క అడిగినప్పుడల్లా నేను మధ్యలో దూరి ఏదో ఒకటి వాగాను. అక్క నన్ను తిక్కవాణ్ణి చూసినట్టు చూసింది.

మధ్యాహ్నం నేనూ అక్కా మంచినీళ్ల కోసం వరుసలో నిలబడ్డాం. వాళ్ల కూతురు, నాలుగేళ్ల బుజ్జిని బావకి అప్పగించి వచ్చాం. ఇంతలో మైకులో వినిపించింది, నాలుగేళ్ల పాప తప్పిపోయిందనీ, ఆకుపచ్చ గౌను వేసుకుందనీ, కనిపిస్తే ఫౌంటెన్ దగ్గరికి తీసుకురమ్మనీ.

"పాపం, ఎవరి పిల్లో" అంది అక్క.

ఆ రోజు బుజ్జి వేసుకున్న గౌను గుడ్డకి రంగు వేసింది బావే. చిలకపచ్చ కావాలని అక్క అడిగితే, ఓ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక పేరు లేని తొట్టిలో మిగిలిన రంగులో ముంచి తెచ్చాడు. తెచ్చింది ఎరుపు. ఆ పూట అదే మిగిలింది కాబోలనుకుని అక్క కుట్టేసింది. బావ దాన్ని ఇప్పటికీ పచ్చదే అనుకుంటున్నాడని మైకు విన్నాకే నాకు తెలిసింది.

"అక్కా, అది మన బుజ్జే" అన్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టి, మిగతాదంతా పరిగెత్తుతూనే చెప్పేశాను.

ఫౌంటెన్ దగ్గర జనమంతా ఆకుపచ్చ గౌను కోసం వెతుకుతున్నారు. బావ కనిపించిన ప్రతి పిల్లనీ భుజం పట్టుకుని తిప్పి, మొహంలో మొహం పెట్టి చూస్తున్నాడు. ఓ తల్లి ఆయన్ని తిట్టి తన పిల్లని లాక్కుంది. ఆ రంగు నేనే వేశానండీ, ఆకుపచ్చేనండీ అని అందరికీ ఏడుస్తూ చెబుతున్నాడు.

బుజ్జి అక్కడే ఉంది. నెమలి ఆకారంలో కత్తిరించిన గుబురు పొద మొదట్లో, పచ్చటి ఆకులకి ఆనుకుని, ఎర్రగా, ఎంత దూరానికైనా కనిపించేలా కూర్చుని ఉంది. అక్క ఎత్తుకోగానే బావురుమంది.

"నాన్న ఇటే వచ్చాడమ్మా. చెయ్యి ఊపాను. నన్ను చూసి కూడా వెళ్లిపోయాడు."

బావ గౌను అంచు పట్టుకుని, ఎండలోకి తిప్పి, కళ్లకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకున్నాడు. ఏం రంగిది అని అడిగాడు.

"ఎరుపండీ" అంది అక్క.

ఆయన గడ్డిలో చతికిలబడ్డాడు. ఇక ఉద్యోగం గురించి మొదలెడతాడనుకున్నాను.

"పని పోతే పోనీ. బుజ్జిని మాత్రం ఇంకెప్పుడూ నా ఒక్కడి చేతికి ఇవ్వకు" అన్నాడు.

అవేం మాటలని అక్క కోప్పడుతుందేమోనని చూశాను. నాన్న మీదికి చేతులు చాపుతున్న బుజ్జిని ఆయనకి అందకుండా రెండో చంకకి మార్చుకుంది.