పారయ్య పాదాల దగ్గరి పేరు

పేరు నిలిచినవారిని, పేరు చెరిగిపోయినవారిని ఒకేలా గుర్తుంచుకునే సర్వేశ్వరునికి మహిమ. రాజుల ఎదుట నిలబడి మాట్లాడినవారినే కాదు, కూరగాయల మడిలో నడుము వంచి పని చేసుకున్నవారిని కూడా తన సాక్షులుగా ఎంచుకున్న ఆయన దయకు స్తోత్రం. ఆ దయ ఒక పల్లెటూరి ముసలాయన రూపంలో నా దాకా వచ్చింది కాబట్టే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడిలో మొన్న కిటికీలకు రంగులు వేయించారు. పాత రంగును శాండ్‌పేపరుతో గీకుతుంటే లేచిన పొడి, దాని వెంట ముక్కుపుటాలు మండించే టర్పెంటైన్ వాసన తరగతి గదిలోకి వచ్చాయి. పిల్లలు ముక్కులు మూసుకుని నవ్వుకుంటున్నారు. నేను మాత్రం పాఠం మధ్యలో ఆగిపోయాను. ఆ వాసన నాకు ఇన్నయ్య తాత వాసన.

ఆయన మాకు చుట్టం కాదు, మా ఊరి ఉపదేశి. బచ్చన్నపేట నుంచి ఆటోలో అరగంట దూరంలో ఉన్న మా ఊళ్లో కథోలికులవి పాతిక గడపలు ఉంటాయేమో. ఫాదర్ గారు నెలకు రెండుసార్లు జనగామ నుంచి వచ్చేవారు. ఆయన రాని ఆదివారాల్లో ప్రార్థన నడిపేది, పిల్లలకు జ్ఞానోపదేశం చెప్పేది, జ్వరంతో పడుకున్నవాళ్ల మంచం దగ్గర కూర్చునేది ఇన్నయ్య తాతే. మిగతా రోజుల్లో ఆయనకున్న ఎకరం చెలకలో పత్తి చేసుకునేవాడు. నాకు మొదటి జపం నేర్పింది ఆయనే. మా ఊళ్లో నాకంటే చిన్నవాళ్లందరికీ నేర్పింది కూడా ఆయనే.

ఆయన దగ్గర పునీతుల చరిత్రల పుస్తకం ఒకటి ఉండేది. అట్ట లేదు. ముందు పేజీలు, వెనక పేజీలు కూడా లేవు. మధ్యలో చెదలు సొరంగాలు తవ్వి ఉన్నాయి. ఆదివారం పాఠం అయ్యాక అందులోంచి ఒక కథ చెప్పేవాడు. అందరికీ తెలిసిన పెద్ద పునీతుల కథలు ఆయనకు రుచించేవి కావు. "ఆళ్ల సంగతి ఫాదర్ చెప్తడు. మనం ఎవలూ అడగనోళ్లను అడుగుదాం" అనేవాడు. కస్సియాను అనే పంతులు కథ నేను విన్నది అలాగే.

"ఆయన పిలగాండ్లకు రాత నేర్పెటోడు. ఏసును కాదనుమంటె అనలె. అప్పుడు ఆయనను ఎవలికి అప్పజెప్పిన్రో ఎరికేనా? ఆయన దగ్గర సదువుకున్న పిల్లలకే! ఆళ్లు రాసుకునే ఇనుప పుల్లలతోని పొడిచి చంపిన్రు." మా వైపు అనుమానంగా చూశాడు. "గందుకే మీ చేతుల పెన్నులు చూస్తె నాకు దడ."

మేం పెన్నులు పైకెత్తి కేకలు వేశాం. ఆయన గోడకు అతుక్కుని దండం పెట్టాడు.

ఇంకోసారి గడ్డకట్టిన చెరువు మీద నిలబెట్టిన నలభైమంది సైనికుల కథ చెప్పాడు. వాళ్లలో ఒకడు చలికి ఓర్చుకోలేక, విశ్వాసం వదులుకుని, ఒడ్డున పెట్టిన వేడినీళ్ల గదివైపు పరుగెత్తాడు. అక్కడ పేజీ అయిపోయింది.

"తర్వాత ఏమైంది తాతా?" అని అడిగాం.

"తెల్వది బిడ్డా. చెదలు తిన్నది."

"ఏదో ఒకటి చెప్పరాదే!"

"ఏదో ఒకటి చెప్తె అది నా కథైతది, ఆళ్లది కాదు."

ఆ తెగిపోయిన పేజీ నన్ను ఏళ్ల తరబడి వేధించింది. జనగామలో డిగ్రీ చదివే రోజుల్లో అక్కడి మఠంలో ఒక వృద్ధ సిస్టర్ దగ్గర పునీతుల చరిత్రల పెద్ద ఇంగ్లిషు సంపుటాలు ఉన్నాయని తెలిసి, వెళ్లి వెతికి పట్టుకున్నాను. నలభయ్యోవాడు పారిపోగానే, కాపలా కాస్తున్న సైనికుల్లో ఒకడు తన బట్టలు విప్పి, నేనూ క్రైస్తవుణ్ణే అంటూ మంచు మీదికి నడిచి వాళ్లతో నిలబడ్డాడట. ఆ సాయంత్రమే ఊరికి వచ్చి ఇన్నయ్య తాతకు చెప్పాను. ఆయన పత్తి చేలో పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అంటే నలభై నలభైయేనా?"

"నలభైయే తాతా."

"గిన్నేండ్ల సంది నేను ముప్పై తొమ్మిది మందితోనే ఉంటినే!" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు నుంచి నన్ను తనతోపాటు పిల్లలకు పాఠం చెప్పమన్నాడు.

ఇక పారయ్య సంగతి. మా చిన్న గుడిలో మూరెడు ఎత్తున్న ఒక చెక్క విగ్రహం ఉంది. ఎప్పుడో పాతకాలంలో ఒక విదేశీ గురువు పెట్టెలో తెచ్చాడంటారు. చేతిలో పార పట్టుకున్న మనిషి. ఆయన సేద్యగాడైన పునీత ఇసిదోరు అని ఇన్నయ్య తాత ముప్పై ఏళ్లుగా చెబుతూ వచ్చాడు. ఊరు మాత్రం ఆ పేరు పలకలేక పారయ్య అని పిలుచుకుంది. మే నెలలో ఆయన పండుగ. వానలకు ముందు ఊళ్లో రైతులంతా తమ పారలు, గడ్డపారలు తెచ్చి గుడి ముందు వరసగా పరుస్తారు. ఫాదర్ గారు వాటి మీద దీవించిన నీళ్లు చల్లుతారు. మావాళ్లే కాదు, హిందువులూ తెస్తారు. పండుగకు ముందు విగ్రహానికి ఎనామిల్ రంగు వేయడం ఇన్నయ్య తాత సొంత పని. పాత రంగు మీదే కొత్తది వేసేవాడు. అలా వేసీ వేసీ పారయ్య ఏటేటా లావెక్కుతూ వచ్చాడు.

నా డిగ్రీ అయిపోయిన ఏడాది తాతకు కంటి ఆపరేషన్ అయింది. "ఈపాలి నువ్వెయ్యి బిడ్డా" అని డబ్బా నా చేతికిచ్చి, నల్లద్దాలు పెట్టుకుని గడపలో కూర్చున్నాడు. పెచ్చులూడుతున్న రంగు మీద మళ్లీ రంగు వేయడం నాకు నచ్చలేదు. టర్పెంటైన్‌తో నానబెట్టి మొత్తం గీకేశాను. పాదాల దగ్గర ఇన్నాళ్లూ గోధుమ పనలనుకున్నవి పనలు కావు, చెక్కిన పూలు, పాకే తీగలు. వాటి కింద పీట మీద ఆరు ఇంగ్లిషు అక్షరాలు బయటపడ్డాయి. ఫోకాస్.

ఆ రోజు ఏమీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాను. మర్నాడు జనగామ వెళ్లి సిస్టర్ పుస్తకాలు తిరగేశాను. తిరిగొచ్చి ఆయన ఎదురుగా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాను.

ఫోకాసు నల్లసముద్రం ఒడ్డున సినోపు అనే పట్నం బయట తోట పెట్టుకున్న మనిషి. దారినపోయేవాళ్లు ఎవరొచ్చినా అన్నం పెట్టేవాడు. అతను క్రైస్తవుడని తెలిసి, చంపి రమ్మని సైనికులను పంపారు. వాళ్లకు అతని ముఖం తెలియదు. దారిలో అతని ఇంట్లోనే దిగారు. అతను వడ్డిస్తుంటే తింటూ, ఫోకాసు అనేవాణ్ణి వెతుకుతున్నామని అతనికే చెప్పారు. అతను వాళ్లను పడుకోబెట్టి, తోటలోకి వెళ్లి తన గొయ్యి తనే తవ్వుకున్నాడు.

"ఆఁ... పొద్దుగాల?" తాత చిన్నపిల్లాడిలా ముందుకు జరిగాడు.

"పొద్దుగాల లేచినంక, మీరు వెతికేది నన్నే అని చెప్పిండు. ఆళ్లు తన్లాడిన్రు. బువ్వ పెట్టినోన్ని ఎట్ల చంపుతమన్నరు. ఆయనే ఒప్పించిండు."

"అబ్బ! ఎంత మనిషి!" అని తొడ చరిచాడు. కాసేపటికి ఆ చెయ్యి అలాగే ఆగిపోయింది. నల్లద్దాలు తీసి నా వంక చూశాడు. "మన పారయ్యనా?"

తల ఊపాను. నాకు భయం వేసింది.

"అక్షరాలల్ల పుట్టీ పెట్టి రంగేస్త తాతా. ఎవలకు తెలుస్తది?"

"నీకు తెల్సు. నాకు తెల్సు. విగ్రహం కోసం కాదు బిడ్డా నా పరేషాన్. గీ నోటితోనే ఊరికి ఏసు మాట చెప్పిన. గీ నోరు ఒక్క తాన తప్పైతే, మిగిలింది ఎవలు నమ్ముతరు? ఈడు గదీ గట్లనే చెప్పిండు అనరా?"

"గందుకే వద్దంటున్న."

"ఆళ్లు ఫోకాసు ఇంట్లనే తిని, ఆయననే ఎతుకవట్టిరి. నోరు మూసుకుంటె బతికిపోయెటోడు." విగ్రహాన్ని ఒళ్లో పెట్టుకుని, సరిగా కనబడని కళ్లకు బదులు వేళ్లతో ఆ అక్షరాలు తడుముతూ ఉండిపోయాడు.

పండుగ అయిపోయాక నెమ్మదిగా చెబుదామని ఫాదర్ గారు సలహా ఇచ్చారు. "పండుగ నాడు మల్లోపారి తప్పు పేరు చెప్పాల్నా ఫాదర్?" అని తాత అడిగితే, అయితే ఆ రోజే చెప్పమన్నారు.

పండుగ పొద్దున గుడి ముందు పారలు బారులు తీరాయి. రెండేళ్లుగా వానలు సరిగా లేవు, జనం ఎక్కువగానే వచ్చారు. రంగు లేని విగ్రహాన్ని చూసి అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. తాత ముందుకు వచ్చాడు.

"జర అందరు ఇనుండ్రి. ఈయన నేను చెప్పిన ఇసిదోరు కాదు. ఫోకాసు అనెటాయన. చేతిల పార చూసి నాకు తెలిసిన పేరు పెట్టేసిన. పుస్తకంల చెదలు తిన్న తాన తెల్వదని చెప్పిన. రంగు కింద ఏమున్నదో కూడ తెల్వదనాలె. అనలె. తప్పు నాదే, మాఫ్ చెయ్యున్రి."

మొదట తేరుకుంది బాలమ్మ. మా పక్క చేను ఆమెదే. ఏటా అందరికంటే ముందు పార తెచ్చేది. "అయితె గిన్నేండ్ల మొక్కులన్నీ ఎవలికి పోయినయ్ ఉపదేశీ? అడ్రస్ తప్పు రాసినవా?"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వి, "మొక్కులు దేవునికే పోయినయ్ బాలమ్మా. పునీతులంతా మనతోని కలిసి అడిగెటోళ్లే" అన్నాడు.

అప్పుడు జోజప్ప లేచాడు. ట్రాక్టర్ నడిపే కుర్రాడు, తాత దగ్గరే జపాలు నేర్చుకున్నవాడు. "మరి ఏసు ప్రభువు సంగతన్న కరెక్టేనా తాతా? దాని మీద కూడ రంగేసినవా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. తాత ఏ మాటకు భయపడ్డాడో ఆ మాట అందరి ముందూ వచ్చేసింది.

"నేను చెప్పిన్నని నమ్మకు జోజప్పా. బైబిలు తీసి నువ్వే సదువు. యాడ తప్పు చెప్పిన్నో గిట్లనే పదిమందిల అడుగు."

"సదువుత. ఇడిసిపెట్ట" అని జోజప్ప విసురుగా కూర్చున్నాడు.

తాత ఫోకాసు కథ చెప్పాడు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పాడు, కానీ ఒక్క ముక్క కలపలేదు. బాలమ్మ నోరు నొక్కుకుని, "చంపవచ్చినోళ్లకు బువ్వ పెట్టిండా!" అంది. తర్వాత తన పారను విగ్రహం ముందుకు జరిపింది. "ఎవలైతేంది, మట్టి పిసికినోడే గదా. నీళ్లు చల్లున్రి, ఎండెక్కుతాంది."

ఆ ఆదివారం నుంచి తాత పాఠం చెప్పనన్నాడు. నన్ను ముందు నిలబెట్టి, తను నోటుబుక్కు పట్టుకుని పిల్లల వెనక చాప మీద కూర్చున్నాడు. మూడో ఆదివారం జోజప్ప చంకలో బైబిలుతో వచ్చాడు. పేజీల మధ్య చీపురుపుల్లలు గుర్తుగా పెట్టుకున్నాడు.

"యోనాను తిమింగలం మింగిందన్నవు. గీడ పెద్ద చేప అని ఉన్నది."

"రాసుకుంటున్న" అన్నాడు తాత, నిజంగానే రాసుకుంటూ.

"బాలయేసును చూడొచ్చిన జ్ఞానులు ముగ్గురన్నవు. ముగ్గురని యాడ లేదు."

"ఔనా? చూపియ్యి." ఇద్దరూ ఒకే పేజీ మీదికి వంగారు. పౌలు చెప్పింది కూడా అలాగే ఉందో లేదో అని రోజూ లేఖనాలు వెతికి చూసుకున్న బెరయ ఊరివాళ్ల గురించి అంతకుముందు ఎన్నోసార్లు చదివాను. వాళ్లు ఎలా ఉంటారో అప్పుడు కళ్లారా చూశాను. నెల తిరిగేసరికి మరో నలుగురు బైబిళ్లతో వచ్చారు. మా తరగతి కోర్టులా తయారైంది. ముద్దాయి మాత్రం అందరికంటే సంతోషంగా ఉండేవాడు.

చలికాలం మొదలయ్యాక ఒక ఆదివారం జోజప్ప వచ్చి, ఏమీ అడగకుండా కూర్చున్నాడు. బైబిలు ఒళ్లో మూసి ఉంది. ప్రభువును సిలువ వేసిన అధ్యాయాల దగ్గర ఒకే ఒక్క పుల్ల ఉంది.

"ఏందిరా, ఇయ్యాల నా తప్పులు దొరకలేదా?" అన్నాడు తాత.

"లేవు తాతా." తల ఎత్తలేదు. "నువ్వు చెప్పినదాని కంటె ఎక్కువున్నది గిండ్ల."

ఇన్నయ్య తాత పెన్ను కింద పెట్టాడు. ఆ రోజు నోటుబుక్కులో ఏమీ రాయలేదు.

ఆయన ప్రభువులో నిద్రించి ఆరేళ్లయింది. ఇప్పుడు మా ఊళ్లో ఉపదేశి జోజప్పే. నేను ఈ పట్నంలో బడి పిల్లలకు పాఠాలు, ఆదివారం గుడి పిల్లలకు పునీతుల కథలు చెబుతున్నాను. విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన ఎంతోమంది వేదసాక్షుల గురించి మనకు మిగిలింది సగం పేజీయే. కొందరి గురించి ఒక్క వాక్యమే. తెలిసినంతవరకు చెప్పి, తర్వాతిది తెలియదని ఆగిపోవడం అలవాటు చేసుకున్నాను. పిల్లలు అలుగుతారు. కొందరు ఇంటికి వెళ్లి వెతుక్కుని, మరుసటి వారం నన్ను దిద్దడానికి పరుగెత్తుకు వస్తారు. వాళ్లు పరుగెత్తుకొచ్చే ఆ క్షణం కోసమే ఎదురుచూస్తాను.

చదువుతున్న అన్నలారా, అక్కలారా, ఒక్క నిమిషం నాతో కలిసి తల వంచండి. ప్రభువా, మాకు నీ మాట చెప్పినవారిని దీవించు. మేము ఇతరులకు చెప్పినదాంట్లో తప్పు ఎక్కడుందో మాకు చూపించు. చూపించిన రోజున, దాన్ని అందరి ముందూ ఒప్పుకునే బలం మాకు ఇవ్వు. ఆమెన్.