సూర్యాపేట తరఫున యాకోబు

భార్య జానమ్మను మట్టి చేసి వచ్చిన కొన్నాళ్లకు, మిషను బడిలో యాకోబు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుంటే ఉప్పలయ్య పటేలు వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. పట్టణ పెద్ద ఊరవతలి ఆ వాడలోకి రావడం అదే మొదలు.

"యాకోబూ, నీళ్ల కమిటీల సూర్యాపేట తరఫున నువ్వు కూసోవాలె" అన్నాడు.

అది నలభై తొమ్మిది ఎండాకాలం. పోలీసు చర్య జరిగి ఏడాది కూడా కాలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటికీ కలిపి సర్కారు ఒక కమిటీ వేసింది. ఊరికొక మనిషి. నీళ్లు తోడే ఇంజను ఒక్కటే ఉంది, అది ముందు ఏ ఊరికన్నది ఆ ముగ్గురూ కూర్చుని తేల్చాలి. దారి పొడుగునా మిలిటరీ క్యాంపులు, అడవుల్లో కమ్యూనిస్టు దళాలు. సర్కారు మీటింగుకు పోయినవాడి మీద ఎవరి కన్ను పడుతుందో తెలియదు. పెద్దలెవరూ ముందుకు రాలేదు.

"నీకు ఉర్దూ వస్తది. ఇంట్ల ఎదురుసూసేటోళ్లు గూడ లేరాయె" అన్నాడు పటేలు.

యాకోబుకు ఆ మాట తగల్లేదు. "సరే పటేలా" అన్నాడు. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరే అనేవాడు. కలరా గత్తర తగిలి జానమ్మ పొద్దున పడుకున్నది సాయంత్రానికి లేదు. అతనికి ఏడుపు రాలేదు. అత్త పెంటమ్మ కంచం ముందు పెడితే తినేవాడు, పెట్టకపోతే ఆకలి సంగతే గుర్తుండేది కాదు.

"బావులు ఎండుతున్నయ్, ఊరంతా పరేషాన్ ఉన్నదని చెప్పు. ఇంజను మనకే రావాలె. ఇంకోటి మాట్లాడకు" అని పటేలు నేర్పి పంపాడు.

మిర్యాలగూడ కచేరీలో అతనికి కుర్చీ వేశారు. కోదాడ తరఫున వచ్చిన బియ్యం వ్యాపారి నాగయ్య ముందుగా లేచాడు. "మా బావులన్నీ అడుగంటాయండీ. ఆడాళ్లు కోసుల దూరం నడుస్తున్నారండీ." మిర్యాలగూడ వకీలు అంతకంటే గట్టిగా చెప్పాడు. మీటింగు నడిపిస్తున్న తహశీల్దారు యాకోబు వైపు తిరిగాడు. యాకోబు నేర్పినంతా అప్పజెప్పాడు.

"మీ బావుల నీళ్లు ఎట్లుంటయి? తియ్యగనా, ఉప్పగనా?"

"తెల్వదు సాబ్."

"మీ ఊరి నీళ్లు నీకు తెల్వకపోవుడేంది?"

"మమ్ముల తోడుకోనియ్యరు సాబ్."

యాకోబు గొంతు బడిలో హాజరు పిలిచినట్టే ఉంది.

"మరి మీ వాడోళ్లు ఏం తాగుతరు?"

"వాగుల చెలిమె తవ్వుకొని తాగుతం. మా ఇంటామె గవే నీళ్లు తాగి గత్తరొచ్చి సచ్చిపోయింది."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని అతనికి తెలుసు. తెలిసినా, సూర్యాపేట బస్సు ఎన్నింటికి ఉందోనన్న ఆలోచనే మెదిలింది.

ఇంజను కోదాడకు పోయింది. సూర్యాపేటలో మటుకు ముందు యాకోబు వాడలో బావి తవ్వాలని తహశీల్దారు హుకుం ఇచ్చాడు.

"ఊరి ఇజ్జత్ తీసినవ్ గదరా! ఇంజను తెమ్మంటే మీకు బావి తెచ్చుకుంటవా?" అని పటేలు బజారులో అరిచాడు.

"నేనేం తేలే పటేలా. అడిగిండ్రు, చెప్పిన."

మీటింగుకు పోయినవాళ్లకు ఏమీ కాలేదని, కోదాడలో ఇంజను నిజంగానే నడుస్తోందని తెలిశాక పెద్దలకు భయం పోయింది. యాకోబును తీసేసి, ఆ కుర్చీ పటేలు అల్లుడికి ఇచ్చారు. ఆ సంగతి బడిలో ఎవరో చెబితే యాకోబు తలూపి పాఠం కొనసాగించాడు.

వానలకు ముందే బావిలో నీళ్లు పడ్డాయి. వాడ ఆడవాళ్లంతా కుండలతో వచ్చేశారు. పెంటమ్మ మాత్రం నీళ్లు ముట్టలేదు. గట్టు మీద కూలబడి, కూతురి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. యాకోబు పక్కన నిలబడి, తనకూ ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. కొత్త మోకు ముసలివాళ్ల చేతులకు గరుకుగా ఉందని తానే అందుకుని తోడడం మొదలుపెట్టాడు. ఒక కుండ తర్వాత ఒక కుండ, ఎవరిదో చూడకుండా నింపాడు. బడి గంట వినిపించాక మోకు ఇంకొకరికి ఇచ్చి వెళ్లాడు.

సుద్దముక్క పట్టుకున్నప్పుడుగాని అరచేతులు మండుతున్నాయని తెలియలేదు.