మా పురుగుల సారు

దానియేలు సారు పోయారని ఆత్మకూరు నుంచి ఫోను వచ్చేసరికి నేను ఉదయగిరిలో తరగతి చెబుతున్నాను. పిల్లలకేం చెప్పానో, బస్సెలా ఎక్కానో గుర్తులేదు. జంతుశాస్త్రంలో నాకు అక్షరాభ్యాసం చేయించిన ఆ చేతులు శవపేటికలో కదలకుండా ఉంటే నమ్మబుద్ధి కాలేదు.

పెన్నా చేపల కడుపుల్లో బతికే పరాన్నజీవుల అన్వేషణకే ఆయన జీవితం అంకితమైంది. పురుగుందని జనం వద్దన్న చేపను ఆయన అడిగి మరీ కొనేవారు. అందుకే ఊళ్లో అందరికీ ఆయన ‘పురుగుల సారు’. శిష్యులం మేమూ గర్వంగా అదే పేరు వాడేవాళ్లం.

ఒకసారి చేపలమ్మే రమణమ్మ గౌరవం కొద్దీ కొరమీను చీల్చి, పేగులు తీసి, ఉప్పేసి రుద్ది తళతళా కడిగిచ్చింది. “ఒక్క పురుగు లేకుండా చేసినాను సార్, నిమ్మళంగా తినండి” అంది. సారు ముఖం పాలిపోయింది. అయినా దండం పెట్టి, “నా పని గూడా నువ్వే చేసినావమ్మా” అన్నారు. ఆమె మురిసిపోయింది. ఇంటిదాకా ఆయన నవ్వుతూనే ఉన్నారు.

“పురుగును చూసి అసహ్యించుకోబాకండిరా. నత్తలో పెరిగి, చేపలో దాక్కుని, కొంగ కడుపులో పెద్దదవతాది. ఇన్ని రకాల పురుగులుండాయంటే ఏరు నిండుగా ఉండాదనే” అని పాఠం చెప్పేవారు.

చివరి సంవత్సరాల్లో ఆ నిండుతనమే పోయింది. ఇసుక తవ్విన గుంటల్లో నత్తలు లేవు, కొంగల రాక తగ్గింది. ఎన్ని చేపలు కోసినా కడుపులు శుభ్రం. “ఇప్పుడు చేపలు బాగుండాయి సార్, పురుగే లేదు” అని రమణమ్మ సంబరపడింది. సారు కళ్లు తుడుచుకుని, “ఏరు చచ్చిపోతా ఉండాదమ్మా, ఎవురికీ కనపళ్లేదు” అన్నారు.

సారును సమాధి చేసిన కొన్నాళ్లకు ఏటిలో పట్టిన జెల్ల చేపను కోశాను. పేగులో సన్నని తెల్లని పురుగు కదిలింది. ప్రాణం లేచొచ్చింది. సూక్ష్మదర్శిని కింద పెట్టి పుస్తకాల్లో బొమ్మలన్నీ తిరగేశాను. దేనితోనూ కుదరలేదు. అలవాటుగా సారు నంబరు నొక్కాను. వాళ్లావిడ తీసి, “ఏందమ్మా?” అన్నారు. “ఊరికే అమ్మా, ఎట్లుండారో అని” అన్నాను.

ఆ మహనీయునికి వేరే నివాళి ఏమివ్వను? పురుగును స్పిరిటు సీసాలో వేసి, చీటీ మీద దాని పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. అది పూరించగల మనిషి ఈ పెన్న ఒడ్డున ఇక లేరు.