పాలపొడి డబ్బాకు బిల్లు

వీధిలో అందరూ ఆమెను గీకుడు పిన్ని అంటారు. ఏ డబ్బా కొన్నా వెలుతురులోకి పట్టుకెళ్లి, మూత చుట్టూ వేలు తిప్పి, తేదీ అంకెలను బొటనవేలి గోటితో గీకి చూస్తే గాని సంచిలో వేయదు. కొట్లో ఎవరైనా మరీ తియ్యగా పలకరిస్తే ఆమె కళ్లు కాటా వైపు తిరుగుతాయి. ఆ రోజు మనవరాలికి పాలపొడి కొనబోతే, గోరు తగిలి తేదీ కాగితం లేచొచ్చింది. దాని కింద అసలు తేదీ ఉంది. గడువు ఎప్పుడో దాటిపోయింది.

కొట్టువాడి ముఖం మాడిపోయింది. "కంపెనీవాళ్ల పొరపాటు పిన్నిగారూ! ఇంకో డబ్బా ఇస్తాను, డబ్బులు కూడా వద్దు."

"నా నోరు మూయడానికా? అరలో మిగతావి ఎవరి పిల్లలు తాగాలి? ఈ డబ్బాకే బిల్లు కొట్టు."

"పాడైన సరుకుకు బిల్లేమిటండీ, చాదస్తం కాకపోతే!"

"బిల్లు లేకుండా వినియోగదారుల కోర్టుకెళ్తే, ఈ డబ్బా నీ కొట్లోదేనని నువ్వొచ్చి చెబుతావా నాయనా?"

అతను నసుగుతూనే బిల్లు రాసి చేతిలో పెట్టాడు. ఆమె గుమ్మం దగ్గరే ఆగి ఒక్కో అక్షరం చదివి, వెనక్కి వచ్చింది.

"బిస్కెట్లని రాశావేం? నా మనవరాలికింకా పళ్లే రాలేదు. పాలపొడి అని రాయి."