నర్సీపట్నం బస్సులో ఫ్రెంచి సిపాయిలు

మాది అనంతపురం. ఆ రోజు నర్సీపట్నం వెళ్తూ, బస్సులో పాత ఫ్రెంచి చిత్రాల పుస్తకం తిరగేస్తున్నాను. పక్క సీట్లో పసిపిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అమ్మాయి ఒక బొమ్మ దగ్గర నన్ను పేజీ తిప్పనివ్వలేదు.

“ఏటండీ ఇది?”

“మూడొందల ఏళ్ల కిందటి మిలిటరీ క్యాంపమ్మా.”

“మరి యుద్ధమేదండీ?”

నిజమే, బొమ్మలో యుద్ధం జాడే లేదు. ఒక సిపాయి చెట్టు కింద నిద్రపోతున్నాడు. ఇద్దరు పేకాడుతున్నారు. పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది. ఓ పక్కన సిపాయి భార్య బిడ్డకు పాలిస్తోంది. ఆ రోజుల్లో కొందరు భార్యలు కూడా సైన్యం వెంట వెళ్లేవారని చెప్పాను.

“అదృష్టవంతురాలండీ ఈవిడ” అని నవ్వింది.

వాళ్లాయన కాశ్మీరులో జవానట. “ఏటి సేస్తన్నారని ఎప్పుడడిగినా, ఏటీ లేదంటారండీ. నా దగ్గరేదో దాస్తన్నారని భయం. నిద్దరట్టదు నాకు.”

ఆ మాటంటూనే, చెట్టు కింద నిద్రపోతున్న సిపాయిని మళ్లీ చూసింది. చాలాసేపు చూసింది. నేను పేజీ తిప్పకుండా పుస్తకం ఆమె వైపు జరిపాను.

మాకవరపాలెం దాటాక ఆమె ఫోన్ మోగింది. ఆయనే.

“ఏటి సేస్తన్నారు?”

జవాబు నాకు వినపడలేదు కానీ, ఆమె ముఖమంతా నవ్వు పరుచుకుంది.

“ఏటీ లేదా? అయితే అదే సేస్తుండండి” అని, ఫోన్ ఒళ్ళో పిల్ల చెవి దగ్గర పెట్టింది.